రాజుగారి గుర్రపు గంతు

"ఈ వయస్సులో చదరంగం పోటీకి ఊరు దాటి వెళ్ళడమేమిటండీ? నలుగురూ వింటే నవ్విపోతారు" అన్నది మా ఆవిడ. అనడం అంటూనే వుంది, సంచీలో దుప్పటి సర్దడం సర్దుతూనే వుంది.

"నవ్వేవాళ్ళను ముందు నా ఎదుట కూర్చుని ఒక్క ఆట గెలిచి, ఆ తరువాత నవ్వమను" అన్నాను. డాంబికానికేం, గడప దాటేవరకూ అందరమూ శూరులమే.

2025 జనవరి నెలాఖరు. సంక్రాంతి వెళ్ళి పది రోజులయింది. నిజామాబాదులో రెండు రోజులపాటు చదరంగం పోటీ జరుగుతున్నదనీ, చుట్టుపక్కల జిల్లాల వాళ్ళెవరైనా, చిన్నా పెద్దా భేదం లేకుండా చేరవచ్చుననీ మా లెక్కల మాష్టారు కబురు పంపాడు. మాష్టారంటే నాకు పాఠం చెప్పినవాడు కాదు సుమండీ. బోధనులో నాతోపాటు చదువుకుని, తరువాత జన్మంతా బడిపిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయినవాడు. స్నేహితులం కూడా ఆ పేరే ఖాయం చేశాము. రెండవవాడు బ్యాంకులో పనిచేసి పెన్షను పుచ్చుకుంటున్నాడు. వాళ్ళ నాన్నగారు షక్కర్‌నగరు చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తాగా వుండేవారు. మూడవవాడు పటేలు. బోధను పక్క పల్లెలో తాతలనాటి భూమి చేసుకుంటున్నవాడు. నాలుగవవాణ్ణి నేను. నిజాంసాగరు కాలువ కింద భూములు చవుకగా దొరుకుతున్నాయని విని మా తాతగారు కృష్ణాజిల్లానుంచి వర్ని ప్రాంతానికి వలస వచ్చారు. అలా వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊళ్ళను అక్కడ 'క్యాంపు'లంటారు. నేను క్యాంపు పిల్లవాణ్ణి.

నలుగురికీ అరవై అటూ ఇటూ. నలుగురికీ చదరంగం నేర్పినది ఒక్కరే - పటేలు వాళ్ళ నాయన. ఆయనను అందరమూ 'బాపు' అనేవాళ్ళం. పాఠకులు ఈ సంగతి కాస్త గుర్తుంచుకోవాలి. ముందు దీనితో పని వుంది.

సికింద్రాబాదులో మధ్యాహ్నం రైలెక్కాను. కామారెడ్డి దాటిన దగ్గరనుంచీ కిటికీ వదలబుద్ధి కాలేదు. యాసంగి నాట్లు పడుతున్నాయి. మోకాలిలోతు బురదలో ఆడవాళ్ళు వరసగా వంగి నాట్లు వేస్తున్నారు. డిచ్‌పల్లి దగ్గర గుట్టమీద పాత రామాలయం ఒక్క క్షణం కనిపించి మాయమయింది. నిజామాబాదు స్టేషనులో దిగేసరికి మాష్టారు మఫ్లరు చుట్టుకుని నిలబడి వున్నాడు.

"ఎట్లున్నవ్ రా? ప్రాక్టీసు చేసినవా?" అన్నాడు, కుశలప్రశ్న కూడా పూర్తి కాకుండానే.

"రైల్లో కళ్ళు మూసుకుని చేశాను."

"అంటే పడుకున్నవ్."

ఇందూరు అన్న పాత పేరు ఇంకా పెద్దవాళ్ళ నోళ్ళలో బతికే వుంది. మర్నాడు తెల్లవారుజామున మాష్టారు నన్ను ఖిల్లాకు తీసుకువెళ్ళాడు. ఊరి నడుమ రాతిగుట్ట, దానిమీద కోట, కోటలో రఘునాథుని గుడి. ఆ కోటనే నిజాం కాలంలో జైలు చేశారు. 1948లో దాశరథి కృష్ణమాచార్యులవారినీ, వట్టికోట ఆళ్వారుస్వామిగారినీ అక్కడే నిర్బంధించారు. పళ్ళు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో దాశరథిగారు గోడమీద పద్యం వ్రాశారన్నది తెలుగునాట అందరికీ తెలిసిన కథే. గోడను చూస్తూ నిలబడితే, ఆటకు వెళ్ళబోతూ ఇక్కడికెందుకొచ్చామా అనిపించి కాస్త సిగ్గు వేసింది. మాష్టారికి అలాంటివేమీ లేవు. "పైనుంచి చూస్తే ఊరు గళ్ళుగళ్ళుగ కనపడ్తది, మనసు సాఫయితది" అన్నాడు.

దిగివచ్చేటప్పుడు బజారులో పసుపు వాసన. కొత్తపంట రావడం అప్పుడప్పుడే మొదలవుతోంది. జాతీయ పసుపు బోర్డును ఆ సంక్రాంతినాడే ఈ ఊళ్ళో ప్రారంభించారు. టీ దుకాణంలో అందరూ దాన్ని గురించే మాట్లాడుకుంటున్నారు. పనిలో పనిగా మా గురించీ అడిగారు. చదరంగం పోటీకి వచ్చామంటే టీ కలిపే అతను నన్ను పైనుంచి కిందికి చూసి, "మనుమడు ఆడుతడా?" అన్నాడు.

తీరా పోటీ జరిగే ఫంక్షను హాలుకు వెళ్ళి చూస్తే, అతను అన్నదాంట్లో తప్పేమీ కనిపించలేదు. నూట యాభైమందికి తక్కువ వుండరు. అందులో నూరుమంది పిల్లలు. తల్లులు టిఫిను డబ్బాలతో, తండ్రులు నీళ్ళ సీసాలతో గోడలవారగా నిలబడ్డారు. పరీక్షహాలు వాతావరణం. ఒక పిల్లవాడు రాత్రి నేర్చుకున్నది మరచిపోకుండా గాలిలో వేళ్ళతో ఎత్తులు వేసుకుంటున్నాడు. అందరి నోటా రెండే పేర్లు. ఒకటి హంపి. సరిగ్గా నెలరోజుల క్రితం, 2024 డిసెంబరులో, కోనేరు హంపి న్యూయార్కులో ర్యాపిడ్ చదరంగంలో రెండవసారి ప్రపంచ విజేత అయింది. మొదటిసారి 2019లో మాస్కోలో. రెండవ పేరు మన వరంగల్లు కుర్రవాడు అర్జున్ ఎరిగైసిది. అదే డిసెంబరు జాబితాలో అతని రేటింగు 2801. ఆనంద్ తరువాత 2800 మెట్టు ఎక్కిన భారతీయుడు అతనొక్కడే. గుడివాడ పిల్ల, వరంగల్లు పిల్లవాడు అంత ఎత్తుకు ఎదిగిన తరువాత ఆర్మూరు పిల్లలకూ, కోటగిరి పిల్లలకూ ఆశ పుట్టడంలో వింతేముంది? ఆ ఊరికి ఆశలు కొత్తా కాదు. బాక్సింగులో ప్రపంచ విజేత నిఖత్ జరీన్ పుట్టి పెరిగినది నిజామాబాదులోనే.

పటేలు బోధనునుంచి బస్సులో వచ్చాడు. తెల్లధోవతి, భుజాన తువ్వాలు. హాలు మొత్తంమీద ధోవతి కట్టుకున్నవాడు ఆయనొక్కడే. బ్యాంకాయన కారులో దిగాడు.

ఈ పోటీ పద్ధతిని స్విస్ పద్ధతి అంటారు. 1895లో జూరిచ్ నగరంలో మొదట వాడారట. ఓడినవాణ్ణి ఇంటికి పంపరు. ప్రతి విడతలోనూ సమానమైన మార్కులున్నవాళ్ళను ఎదురెదురుగా కూర్చోబెడతారు. గెలిచినవాడికి గెలిచినవాడు, ఓడినవాడికి ఓడినవాడు. ఆలోచిస్తే ఇది సంసారపక్షంగా వున్న పద్ధతే. ఎవరి స్థాయి వాళ్ళు ఎవరితోనో ఒకరితో తలపడుతూనే వుంటారు. మధ్యలో పోవడానికి వీలులేదు. మాకు ఎనిమిది విడతలు - మొదటిరోజు అయిదు, రెండవరోజు మూడు. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకూ అయిదు సెకండ్లు అదనం. ఎత్తు వేయగానే గడియారం మీట నొక్కాలి. నొక్కకపోతే ఎదుటివాడు ఆలోచించేదీ మన ఖాతాలోనే పడుతుంది.

నా మొదటి ప్రత్యర్థి పదకొండేళ్ళ బాలుడు. నమస్కారం పెట్టి, కాళ్ళు నేలకు అందక ఊపుకుంటూ, ఇరవై రెండు ఎత్తుల్లో నా ఆట కట్టించాడు. ఆ తరువాత మళ్ళీ నమస్కారం పెట్టాడు. ఆ రెండవ నమస్కారం చాలా కష్టమనిపించింది. మిగతా నాలుగింటిలో రెండు గెలిచి, ఒకటి సరిసమానం చేసుకుని, ఒకటి పోగొట్టుకున్నాను. మాష్టారు మూడున్నర. బ్యాంకాయన ఒకటి. పటేలు నాలుగు విడతలకు రెండున్నర సంపాదించి, అయిదవ విడతలో తొమ్మిదేళ్ళ అమ్మాయితో కూర్చున్నాడు.

నా ఆట ముందే అయిపోయింది గనుక వాళ్ళ బల్ల పక్కనే నిలబడ్డాను. రెండు జడలు, ఎర్ర స్వెట్టరు. అమ్మాయి మంత్రినీ, శకటునీ ఒకే గీతమీద పెట్టింది. (శకటు అంటే పటేలుకు తెలియదు. వాళ్ళు ఒంటె అంటారు. చిన్నప్పుడు ఈ ఒక్క మాటమీద మేము గంటలకొద్దీ పోట్లాడుకున్నాము.) ఇంకొక ఎత్తులో రాజుకు ముప్పు. పటేలు నిదానంగా చూశాడు. బాగా ఆలోచించాడు. రాజును ఎత్తి, గుర్రం దుమికినట్టు రెండు గళ్ళు ముందుకూ ఒక గడి పక్కకూ దుమికించి, హాయిగా మీట నొక్కాడు.

అమ్మాయి ఒక క్షణం తెల్లబోయింది. గడియారం ఆపి, చెయ్యి ఎత్తింది.

పోటీ నడిపే కుర్రవాడు వచ్చాడు. "అంకుల్, రాజు ఒక్క గడే పోవాలె. గిది చెల్లదు."

"షా పడకముందు రాజు ఒక్కపారి దుంకొచ్చు గద సారూ" అన్నాడు పటేలు అమాయకంగా. "మా బాపు గట్లనే నేర్పిండు."

అయిదారుగురు పిల్లలు కిసుక్కున నవ్వారు. గోడవారనున్న ఒక తండ్రి బాగానే పైకి నవ్వాడు. నియమం ప్రకారం అమ్మాయికి రెండు నిమిషాలు అదనంగా ఇచ్చారు. ముట్టుకున్నది రాజునే గనుక రాజునే కదపాలన్నారు. కదిపితే పోయే గళ్ళు రెండే, రెండింటిలోనూ చావే. పటేలు లేచి, అమ్మాయి తలమీద చెయ్యివేసి, తువ్వాలు దులుపుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆయన తప్పేమీ లేదు. నలభై ఏళ్ళుగా అంతర్జాతీయ నియమాలే ఆడుతున్నాడు. కానీ ముప్పు వచ్చిపడినప్పుడు చెయ్యి దానికి తెలిసినదే చేసింది.

ఆ నవ్వు నాకు కొత్తది కాదు. 1985 వేసవిలో నేను నవ్వినదే అది.

అప్పుడు నేను హైదరాబాదులో కాలేజీ చదువు. లైబ్రరీలో చదరంగం పుస్తకం చదివి, సెలవులకు వచ్చి, "బాపూ, మీ ఆట తప్పు. లోకమంతా ఇలా ఆడుతుంది" అన్నాను. బాపు ఆటలో బంటు మొదటిసారి కూడా ఒక్క గడే జరుగుతుంది. కోట కట్టడం లేదు. దానికి బదులు రాజు, షా పడకముందు, ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దుమకవచ్చు. మనదేశంలో చాలాచోట్ల తరతరాలుగా ఆడిన పద్ధతి అదే. నాకు అప్పుడు ఆ సంగతి తెలియదు. పుస్తకంలో లేనిదల్లా తప్పనుకునే వయస్సు. "సరే, నీ ఆటనే ఆడుదాం తీ" అని బాపు కూర్చున్నాడు. మూడు ఆటలు వరసగా ఓడించాను. మూడవదానిలో, రెండు గళ్ళు దూకిన ఆయన బంటును దారిలోనే కొట్టి, అది కూడా నియమమేనన్నాను. ఆయన నా ముఖం చూశాడు. మేము నలుగురమూ పగలబడి నవ్వాము. నేను మరీ ఎక్కువ. బాపు మాట్లాడకుండా గుడ్డ మడిచి, కాయలు సంచిలో పోసుకున్నాడు. మళ్ళీ మాతో ఎన్నడూ ఆడలేదు.

సాయంత్రం బ్యాంకాయన కారులో అందరమూ బోధను బయలుదేరాము. రాత్రికి పటేలు ఇంట్లో బస అని ముందే అనుకున్నది. పటేలు ముందు సీటులో కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాడు. సారంగాపూరు దాటాము. జానకంపేటలో అశోక్‌సాగర్ చెరువు నడుమ సరస్వతీదేవి విగ్రహం, చుట్టూ గుండురాళ్ళు, చెరువుమీద పొద్దుగూకే ఎరుపు. ఇంకోరోజయితే దిగి గంట కూర్చునేవాళ్ళం. ఆవేళ ఎవరికీ దిగాలనిపించలేదు.

"రేపు నేను రాను. మీరు పోండ్రి" అన్నాడు పటేలు, చెరువు దాటాక.

ఎవరమూ జవాబు చెప్పలేదు. ఆ మౌనం భరించలేక బ్యాంకాయన వాళ్ళ అబ్బాయి సంగతి ఎత్తుకున్నాడు. బెంగుళూరులో మంచి ఉద్యోగం. ఆదివారమయితే చాలు, అంగుళం ఎత్తు సైనికుల బొమ్మలకు సన్నకుంచెతో రంగులు వేసుకుంటాడట. బల్లమీద కొండలూ కోటలూ అమర్చి, టేపుతో దూరం కొలిచి, పాచికలు వేసి యుద్ధాలు ఆడతాడట. దానికీ పోటీలు, దానికీ బహుమతులు! "ముప్పయ్యేండ్లు వచ్చినయి. నేను బొమ్మలాటంటే, నీ చదరంగం ఏందో మరి అంటడు."

"వాడన్నది నిజమే" అన్నాడు మాష్టారు వెనకనుంచి. "చదరంగంలకెళ్ళే పుట్టింది ఆ ఆట." 1780లో జర్మనీలోని బ్రున్స్‌విక్‌లో హెల్విగ్ అనే ఆయన చదరంగం పటాన్ని 1600 పైచిలుకు గళ్ళకు పెంచి, కొండలూ నదులూ పెట్టి, సైన్యాల ఆట తయారుచేశాడట. దానిమీద మెరుగులు దిద్ది రైస్‌విట్జ్ అనే సైనికాధికారి 1824లో ప్రష్యా సైన్యానికి నేర్పాడట. 1913లో ఇంగ్లీషు నవలాకారుడు హెచ్.జి. వెల్స్ ఇంట్లో నేలమీద తగరపు సైనికులతో ఆడుకునే పద్ధతిని పుస్తకంగానే వ్రాశాడట. "హెల్విగ్ ఎవరనుకున్నరు? ఆయనా లెక్కల మాష్టారే" అని మావాడు గర్వంగా ముగించాడు. చతురంగమంటేనే ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం. మన చెక్కకాయలే ఎన్నో సముద్రాలు దాటివెళ్ళి టేపులూ పాచికలూ తెచ్చుకుని తిరిగి బెంగుళూరు చేరాయన్నమాట. పటేలు వింటున్నాడో లేదో తెలియలేదు.

బోధను సామాన్యమైన ఊరు కాదు. ప్రాచీన అశ్మక రాజ్యానికి రాజధాని అయిన పోదనం ఇదేనని చరిత్రకారులు పలువురు అంటారు. భీముడు బకాసురుణ్ణి చంపిన ఏకచక్రపురం ఇదేనని ఊరివాళ్ళు అంటారు. ఇందులో ఏ మాట కాదన్నా బోధను బజారులో టీ దొరకదు. కానీ మా నలుగురికీ బోధనంటే షక్కర్‌నగరే. పేరులోనే చక్కెర. మంజీరపై 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగరు రెండులక్షల పైచిలుకు ఎకరాలకు నీరివ్వడానికి కట్టినది. ఆ నీళ్ళతో చెరుకు పెరిగింది, చెరుకుతో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోకల్లా పెద్దదని చెప్పుకున్నారు. గానుగ కాలంలో చెరుకుబండ్ల వరుస ఎంత దూరం వుండేదో! బడికి వెళుతూ వెనకనుంచి గడలు లాగేవాళ్ళం. బండివాడు తిట్టేవాడు గాని దిగేవాడు కాదు. రాత్రుళ్ళు ఊరంతా మడ్డి వాసన. బ్యాంకాయన వాళ్ళ క్వార్టరు వరండాలో ఆ వాసనలోనే బాపు మాకు రాజును ఎక్కడ దాచాలో నేర్పాడు. చెరుకు తోలుకువచ్చి, బండి వంతు వచ్చేదాకా ఆయనకు కాలక్షేపం మాతో చదరంగం.

2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. మేము వెళ్ళిన సాయంత్రం గేటు ముందు కారు ఆపాము. పొగగొట్టాలు ఆకాశంలోకి నిలబడి వున్నాయి, పొగ లేదు. క్వార్టర్ల వరసలో చాలాచోట్ల తలుపులకు పిచ్చితీగలు అల్లుకున్నాయి. బ్యాంకాయన దిగి తమ వరండా ఏదో గుర్తుపట్టబోయి, రెండుసార్లు పొరబడి, తిరిగి వచ్చి స్టీరింగు పట్టుకున్నాడు.

"చెరుకంటే పదినెల్లు, ఏడాది కాయాలె" అన్నాడు పటేలు, అంతవరకూ పెదవి విప్పనివాడు. "కాసినంక దగ్గర గానుగ లేకపోతే గడ ఎండుతది, తూకం పోతది. ఇగ ఇప్పుడు వరే." తరువాత కాసేపటికి, తనలో తాను అనుకుంటున్నట్టు, "ఆట మార్చుకున్నం గని, చేతులు మారవు" అన్నాడు.

పటేలు ఇల్లు చేరేసరికి చీకటిపడింది. వాకిట్లో చలిమంట. జొన్నరొట్టె, పచ్చికారం, వంకాయకూర, చివర పెరుగన్నంలోకి బెల్లంముక్క. అరుగుమీద నులకమంచంలో గొంగడి కప్పుకుని బాపు. ఎనభై అయిదు దాటాయి. చూపు తగ్గింది గాని గొంతు తగ్గలేదు.

"ఎవలు? క్యాంపు పిలగాడా?"

"నేనే బాపూ."

"ఎన్నొద్దులాయె రా నిన్ను జూసి! ఏమాయె, ఆట గెలిచిన్రా?"

పటేలు చెప్పడనుకున్నాను. కాని మంట ఎగదోస్తూ ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు, నవ్విన సంగతితో సహా. బాపు కాసేపు ఊరుకుని, పడీపడీ నవ్వడం మొదలుపెట్టాడు.

"దుంకిచ్చినవా? ఆ పోరి పట్టుకున్నదా? తొమ్మిదేండ్ల పోరి! మంచి పోరి రా అది." నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. కోడలు నీళ్ళు తెచ్చింది.

అప్పుడు మాష్టారు సుల్తాన్ ఖాన్ కథ చెప్పాడు. పంజాబులో ఒక జమీందారు కొలువులో వుండేవాడు. నేర్చినది మన దేశవాళీ ఆటే - బంటుకు ఒక్క గడి. తరువాత కొత్త నియమాలు నేర్చుకుని, 1929లో యజమాని వెంట ఇంగ్లండు వెళ్ళి, ఆ యేడే బ్రిటిషు చాంపియను అయ్యాడు. 1932లో, 1933లో మళ్ళీ అయ్యాడు. మహా మహా కాపాబ్లాంకానే ఓడించాడు. చనిపోయిన ఎంతో కాలానికి, 2024లో, ప్రపంచ చదరంగ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది.

"ఆయినె రాజు దుంకకుంట ఉంటుండెనా?" అన్నాడు బాపు. అదొక్కటే ఆయన అడిగిన ప్రశ్న.

నాకు గొంతు సవరించుకోవలసి వచ్చింది. "బాపూ, ఒక ఆట ఆడదామా? మీ ఆటే."

ఆయన నావైపు తల తిప్పి చాలాసేపు చూశాడు. చూపు ఆననందుకో, మరెందుకో. "బంటును ఒక్క ఖానానే నూకాలె మరి. రెండు నూకితే ఊకోను" అన్నాడు.

పెట్టెలోంచి అదే గుడ్డ వచ్చింది. అరవైనాలుగు గళ్ళూ ఒకటే రంగు. మనవాళ్ళ పాత పటాలు అలాగే వుండేవి. నలుపు తెలుపులు తరువాతి సంగతి. కాయలు లక్క పూసినవి, ఎర్రవి ఒక పక్షం, పచ్చవి ఒక పక్షం. ఎర్ర బంటు ఒకటి ఎప్పుడో పోయింది. దాని బదులు కుంకుడుగింజ. ఆ కుంకుడుగింజ మా చిన్నప్పటిదే! బాపు కాయలను చూసి కాదు, తడిమి ఆడాడు. నాకు నలభై ఏళ్ళ అలవాటు చేతులు కట్టేసింది. కోట కట్టబోయి రెండుసార్లు ఆగాను, బంటును రెండు గళ్ళు జరపబోయి ఒకసారి. ప్రతిసారీ పటేలు నా చేతివంక చూసి మీసంలోనే నవ్వాడు. ముప్పావుగంట గడిచేసరికి బాపు రాజును ఒక మూల ఇరికించాననుకున్నాను. ఆయన రాజు తలమీద వేలుపెట్టి, నెమ్మదిగా ఎత్తి, దుమికించాడు. మరి నాలుగు ఎత్తులకు నా ఆట కట్టు.

"రేపు పో రా" అన్నాడు కొడుకుతో, గుడ్డ మడుస్తూ. "ఓడిపోతే ఓడిపో. ఇంట్ల కూసుంటె ఏమొస్తది?"

మర్నాడు హాలులో అడుగుపెట్టగానే ఎర్రస్వెట్టరు అమ్మాయి పటేలును వెతుక్కుంటూ వచ్చింది. "తాతా, రాజు దుంకే ఆట నిజంగ ఉంటదా?" ఉంటుందని పటేలు అక్కడే పటం పరిచాడు. నిన్న నవ్విన పిల్లల్లో ఇద్దరు పక్కన చేరారు. విడత మొదలయిందని పిలిచేదాకా వాళ్ళు లేవలేదు.

ఆ పూట పటేలు బాగా ఆడాడు. నాకూ అదృష్టం కలిసివచ్చింది. చిత్రమేమిటంటే, ఏడు విడతలయ్యేసరికి ఇద్దరికీ మూడున్నరలే. గోడమీద చివరి విడత జాబితా అంటించారు. నా పేరు ఎదుట పటేలు పేరు.

"ఇరవై యేండ్లాయె మనం ఎదురెదురు కూసొని" అన్నాడు.

ఆట నెమ్మదిగా సాగింది. ఇద్దరికీ ఒకరి ఎత్తులు ఒకరికి కంఠస్థం. ముప్పయ్యవ ఎత్తు దగ్గర నాకు మంచి అదను దొరికింది. ఏనుగును తెచ్చి ఆయన రాజు ఎదుటి గీతమీద నిలబెట్టాను. ముందురోజు ఆ అమ్మాయి తెచ్చినలాంటి ముప్పే. పటేలు చెయ్యి లేచింది. రాజుమీదికి వెళ్ళింది. ముట్టుకోలేదు, గాలిలోనే ఆగిపోయింది. నేను ఊపిరి బిగబట్టాను. ఒకపక్క గెలవాలని వుంది. ఇంకొకపక్క, ఆ చెయ్యి ఆ రాజును మళ్ళీ దుమికించకూడదని ఎంతగా కోరుకున్నానో చెప్పలేను. ఆ చెయ్యి వెనక్కు వెళ్ళింది. గడ్డం కింద ఆనింది. పటేలు ఆలోచిస్తూ కూర్చున్నాడు. నేను ఆయన చేతినే చూస్తూ కూర్చున్నాను. ఒక నిమిషం, రెండు నిమిషాలు. నిదానస్థుడు, ఆలోచించుకోనీ అనుకున్నాను.

"టైమ్ అయిపోయింది సార్" అన్నాడు, పక్కనుంచి వెళుతున్న పోటీ కుర్రవాడు. అన్నది పటేలుతో కాదు, నాతో!

ఏనుగును నిలబెట్టిన సంబరంలో నేను మీట నొక్కలేదు. ఆయన ఆలోచించినదంతా నా ఖాతాలో పడింది. నా వైపు గడియారంలో అన్నీ సున్నలు. లోకమంతా ఆడే ఆటలో లోకమంతటికీ తెలిసిన నియమం!

"నీకు కనపడలేదా?" అన్నాను బయటికి వచ్చాక.

"కనపడ్డది."

"మరి చెప్పవేం?"

"చెప్పుడు రూల్సుల ఉన్నదా?" అన్నాడు పటేలు, తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ.

అరవై దాటినవాళ్ళ బహుమతి మాష్టారికి వచ్చింది; అరచేయంత స్టీలు కప్పు. దాన్ని ఆయన స్టేషనుదాకా చేతిలో పట్టుకునే నడిచాడు. పదేళ్ళలోపు పిల్లలలో ఎర్రస్వెట్టరుకు రెండవస్థానం. బ్యాంకాయనకు ఒక సర్టిఫికెట్టు. ప్లాటుఫారం మీద పటేలు నాకొక మూట ఇచ్చాడు. విప్పితే బెల్లం, దానితోపాటు కాగితంలో చుట్టిన ఒక కుంకుడుగింజ.

"బాపు పంపిండు. నీ దగ్గర కూడ ఒక బంటు పోతదట, అప్పుడు పెట్టుకోమన్నడు."

రైలు కదిలింది. పటేలు నాలుగడుగులు కిటికీ వెంట నడిచాడు.

"ఇందాక ఫోన్ల బాపు అడిగిండు, ఎవలు గెలిచిన్రని. నేనే గెలిచిన్నన్న. ఎట్ల గెలిచినవ్ రా అన్నడు." రైలు జోరందుకుంటున్నది. పటేలు గొంతు పెంచాడు. "అదొక్కటి చెప్పలే!"